టైరు మీద నాలుగంకెలు

“ఎప్పుడు చూసినా పచ్చళ్ళూ, పొదుపూ, ఇంటి సర్దుళ్ళేనా? మీకు వేరే సరదాలంటూ ఏమీ లేవా?” అని ఒక సోదరి ఉత్తరం రాశారు. ఉన్నాయండీ. నవ్వుతారేమోనని ఇన్నాళ్ళూ దాచుకున్నాను. నాకు కారు పందేలంటే పిచ్చి. చీరల కొట్టు ముందు ఆగని నా కాళ్ళు కార్ల షోరూము ముందు ఆగిపోతాయి. వంటింట్లో ఉండి వీధిలో వెళ్ళే బండి డీజిలుదో పెట్రోలుదో శబ్దాన్నిబట్టి చెప్పేస్తాను. మావారికి మొదట్లో ఇది వింతగా ఉండేది, ఇప్పుడు అలవాటైపోయింది. మా అత్తగారికి మాత్రం ఈ రోజుకీ అర్థం కాదు. “తిరిగి తిరిగి మళ్ళీ బయల్దేరిన చోటికే వస్తారు కదే, అంతమాత్రానికి అంత తొందరెందుకూ?” అంటారావిడ. నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్నకు నా దగ్గర కూడా సరైన జవాబు లేదు.

ఈ వారం ఆ పందేల గురించీ, మన ఇంటి ముందు నిలబెట్టుకునే కారు గురించీ కలిపి చెబుతాను. రెంటికీ పొత్తేమిటంటారా? కారు కొనేటప్పుడు రంగు చూస్తాం, సీటు కవర్లు చూస్తాం, ఏసీ చల్లగా వస్తోందా లేదా చూస్తాం. కానీ వంగి ఒక వస్తువును మాత్రం చూడం. నల్లగా, గుండ్రంగా, దుమ్ము కొట్టుకుని ఉంటుంది కాబట్టి చూడాలనిపించదు. అదే టైరు. పందేలవాళ్ళకు కారులో అన్నిటికంటే ముఖ్యమైనది అదేనని నాకు చాలా ఏళ్ళుగా తెలుసు. తెలిసి కూడా నా ఇంటి కారు దగ్గరకొచ్చేసరికి బుద్ధి గడ్డి తింది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

ముందు ఒక పందెం కథ. 2005 జూన్ 19, ఆదివారం. మా అబ్బాయి అప్పటికి చంటివాడు. ఆ ఏడాదే మన దేశం నుంచి మొట్టమొదటిసారి ఒక కుర్రాడు ఫార్ములా వన్ పందేల్లో దిగాడు. కోయంబత్తూరు అబ్బాయి, నరైన్ కార్తికేయన్. జట్టు పేరు జోర్డాన్. అది పెద్దగా గెలిచే జట్టు కాదు, కారూ అంతంతమాత్రమే. అయినా మనవాడు కదా! ఆ రోజు పందెం అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో. మనకు అర్ధరాత్రి అవుతుంది. పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని, టీవీ శబ్దం బాగా తగ్గించి కూర్చున్నాను.

పందెం మొదలయ్యే ముందు కార్లన్నీ వరసగా ఒక చుట్టు తిరిగి వచ్చి ఎవరి గీత మీద వాళ్ళు నిలబడతాయి. ఇరవై కార్లూ ఆ చుట్టు తిరిగాయి. తిరిగి వస్తూ వస్తూ, ఒకదాని వెనక ఒకటి, పద్నాలుగు కార్లు పక్కదారి పట్టి తమ షెడ్లలోకి వెళ్ళిపోయాయి. బరిలో మిగిలినవి ఆరంటే ఆరు! నాకేమీ అర్థం కాలేదు. లక్షమందికి పైగా టిక్కెట్లు కొనుక్కుని వచ్చిన జనానికీ అర్థం కాలేదు. అరుపులు, కేకలు, ట్రాకు మీదికి సీసాలు విసరడాలు.

జరిగిందేమిటంటే, ఆ పద్నాలుగు కార్లకూ మిషెలిన్ కంపెనీ టైర్లున్నాయి. ఆ ట్రాకులో చివరి మలుపు ఒక పక్కకు వాలుగా, ఎత్తుగా ఉంటుంది. అక్కడ కార్లు ఎంతో వేగంగా వెళ్తాయి కాబట్టి టైరు మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది. శుక్రవారం ప్రాక్టీసులోనే రాల్ఫ్ షూమాకర్ కారు టైరు అక్కడ దెబ్బతిని, కారు వెళ్ళి గోడకు గుద్దుకుంది. కంపెనీవాళ్ళు పరీక్షించి, ఈ టైర్లతో ఆ మలుపులో పూర్తి పందెం నడపడం క్షేమం కాదని తామే జట్లకు చెప్పేశారు. వేగం తగ్గేలా ఆ మలుపు ముందు ఒక వంకర దారి పెట్టమని అడిగితే పెద్దలు ఒప్పుకోలేదు. దాంతో ఏడు జట్లూ పందెం మానుకున్నాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఫెరారీ, జోర్డాన్, మినార్డీ జట్ల ఆరు కార్లే పరిగెత్తాయి. మైకేల్ షూమాకర్ మొదటివాడు. మన నరైన్ నాలుగో స్థానంలో వచ్చి అయిదు పాయింట్లు తెచ్చుకున్నాడు. ఫార్ములా వన్‌లో ఒక భారతీయుడికి పాయింట్లు రావడం అదే మొదలు.

నేను ఆనందంతో చప్పట్లు కొట్టాను, పిల్లాడు లేచి ఏడుపు. మావారు నిద్రకళ్ళతో వచ్చి విషయం విని, “ఆరుగురిలో నాలుగో ర్యాంకుకి ఇంత హడావుడా?” అని పోయి పడుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, ఆ పద్నాలుగుమంది మీద. కోట్లు పోసి తయారుచేసిన కార్లు, ప్రపంచమంతా చూస్తోంది, అభిమానులు ఎండలో కూర్చున్నారు. టైరు బాగాలేదని ఇంటికి పోతారా? పిరికిపందలు, అనుకున్నాను. పద్నాలుగేళ్ళపాటు అలాగే అనుకుంటూ ఉన్నాను.

2019 మే నెల. ప్రతి ఏడూలాగే ఆవకాయ పెట్టడానికి నూజివీడు దగ్గర మా అత్తగారి ఊరు వెళ్ళి హైదరాబాదు తిరిగి వస్తున్నాం. మావారు, అత్తగారు, మా అబ్బాయి, నేను. అంతకు ముందు ఏడాదే ఒక సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారి దగ్గర ఆ చిన్న కారు కొన్నాం. పేరెందుకులెండి. కొనేటప్పుడు నేను బానెట్ ఎత్తించి, ఆయిల్ గేజి తీయించి, రేడియేటరు చూసి, సైలెన్సరు పొగ చూసి నానా హంగామా చేశాను. టైర్ల దగ్గరకొచ్చేసరికి ఆయనే, “చూడండి మేడమ్, రబ్బరు ముళ్ళు కూడా పోలేదు” అన్నాడు. నిజంగానే కొత్త టైరుకుండే సన్నని ముళ్ళు అక్కడక్కడా ఉన్నాయి. నల్లగా, నూనె రాసిన పెనంలా నిగనిగలాడుతున్నాయి. ఇంకేం, తృప్తిపడిపోయాను.

ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలవుతుంది. ఆ ఎండ మీకు నేను వర్ణించి చెప్పక్కర్లేదు. స్టీరింగు నా చేతిలో ఉంది. డిక్కీలో పాతిక కిలోల బియ్యం బస్తా, రెండు బుట్టల మామిడికాయలు. పెద్ద జాడీ డిక్కీలో పట్టక అత్తగారు తన కాళ్ళ దగ్గర పెట్టుకున్నారు. సూర్యాపేట ఇంకా కొద్ది దూరం ఉందనగా వెనకనుంచి ఢామ్మని శబ్దం. లారీ టైరు పేలిందేమో అనుకున్నాను. మరుక్షణం మా కారు వెనకభాగం ఎవరో పట్టుకుని పక్కకు లాగినట్టు ఊగింది.

టైరు పేలితే బ్రేకు వేయకూడదు. ఈ మాట నాకు తెలిసినంతగా మా వీధిలో ఎవరికీ తెలియదు. పందేల్లో ఎన్నిసార్లు చూశానో! బ్రేకు గట్టిగా వేస్తే బరువంతా ఒక్కసారి ముందుకు పడి, పట్టులేని చక్రం ఉన్న పక్కకు బండి తిరిగిపోతుంది. స్టీరింగు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటరు మీద నుంచి కాలు మెల్లగా తీసి, బండి తనంతట తాను నెమ్మదించేదాకా తిన్నగా పోనివ్వాలి. ఇదంతా తెలిసినదాన్నే. అయినా నా కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. నొక్కాను కూడా. కారు డివైడరులో గన్నేరు మొక్కలవైపు వాలిపోయింది. అప్పుడు తెలివి వచ్చి కాలు తీసేశాను. ఆ తర్వాత ఏం చేశానో వరసగా గుర్తు లేదు. వెనకాల లారీ హారన్ ఒక్కటే చెవుల్లో ఉంది. ఎలాగో ఎడమ పక్కకు తెచ్చి ఆపాను.

ఆపి వెనక్కి చూస్తే మా అబ్బాయి, “అమ్మా, నానమ్మకి రక్తం!” అని కేక పెట్టాడు. అత్తగారి చీర మోకాళ్ళ నుంచి పాదాల దాకా ఎర్రగా తడిసిపోయి ఉంది. మావారు తలుపు తీయడానికి చేతులాడక గింజుకుంటున్నారు. నాకు నోట మాట లేదు. ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచి, “రక్తం కాదురా నాయనా, ఆవకాయ. జాడీ పగిలింది” అన్నారు. ఆ తర్వాత పావుగంటసేపు రోడ్డు పక్కన కూర్చుని నేను ఏడ్చిన ఏడుపు చూసి, దెబ్బలు తగిలింది నాకేననుకుని దారినపోయేవాళ్ళు ఆగారు.

ఒక లారీ క్లీనరు కుర్రాడు దిగి వచ్చి స్టెప్నీ మార్చి పెట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు, మామిడికాయలు ఇస్తే తీసుకున్నాడు. స్టెప్నీలోనూ గాలి సగమే ఉంది. కొన్నప్పటినుంచీ దాన్ని ఎవరు చూశారు గనక! బండిని ఎద్దుబండిలా నడిపించుకుంటూ ఒక పంక్చరు షాపు చేరాం. అక్కడి అబ్బాయి పేలిన టైరును అటూ ఇటూ తిప్పి, గుడ్డతో తుడిచి, “ఇది పదేళ్ళ టైరమ్మా” అన్నాడు. “లేదు బాబూ, ఏడాది క్రితమే కొన్నాం, ముళ్ళు కూడా ఉన్నాయి” అన్నాను. అతను టైరు పక్కగోడ మీద చిన్న కోడిగుడ్డు ఆకారంలో గీసిన గడిలో నాలుగంకెలు చూపించాడు. 1109.

అదేమిటో అక్కడ నిలబెట్టి నాకు పాఠం చెప్పాడు. మొదటి రెండంకెలు వారం, చివరి రెండూ సంవత్సరం. 1109 అంటే 2009లో పదకొండో వారం, అంటే మార్చి నెలలో తయారైంది. ఎక్కడో ఏ గోడౌనులోనో, ఎవరి కారు స్టెప్నీగానో తొమ్మిదేళ్ళు పడి ఉండి, నిగనిగలాడే పాలిష్ పూయించుకుని మా కారుకు ఎక్కింది. మిగతావి చూస్తే ఇంకొకటి కూడా 2009దే. ఆ వ్యాపారికి ఫోను చేస్తే, “టైర్లకు గ్యారంటీ ఎవరిస్తారమ్మా?” అన్నాడు. చట్టుబండలు, అతన్నని ఏం లాభం? ఆ అంకెలు కొన్న రోజు కూడా అక్కడే ఉన్నాయి. వంగి చూడనిది నేను.

ఆ రాత్రి ఇంటికి చేరాక నిద్ర పట్టక ఆ పద్నాలుగు కార్లు గుర్తుకొచ్చాయి. అంతమంది తిడుతుంటే, పరువు పోతుంటే, “ఈ టైరుతో మేం నడపం” అని లోపలికి వెళ్ళిపోవడానికి ఎంత ధైర్యం కావాలో అప్పుడు తెలిసింది.

మీరిప్పుడు పత్రిక కింద పెట్టి వెళ్ళి మీ కారు టైర్లు చూడండి. కారు మీది కాకపోయినా, రోజూ పిల్లలు స్కూలుకు వెళ్ళే ఆటోదైనా సరే. బయటి గోడ మీద ఆ గడి కనబడకపోతే కంగారు పడొద్దు. కొన్ని టైర్లకు అది లోపలి వైపు ఉంటుంది. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి ముందు చక్రాలవి చూడొచ్చు, వెనకవాటికి మాత్రం టార్చిలైటుతో నేల మీద కూర్చోవాల్సిందే. పాత చీర కట్టుకోండి. అయిదేళ్ళు దాటిన టైర్లను ఏటా ఒకసారి తెలిసినవాళ్ళకు చూపించమనీ, పదేళ్ళ తర్వాత చూడ్డానికి ఎంత బాగున్నా తీసేయమనీ చాలా టైరు కంపెనీలే చెబుతాయి. మన ఎండలకు నేనైతే ఆరేళ్ళకే చెల్లు చెప్పేస్తాను. అది నా లెక్క.

వాడకుండా ఉంచినదానికి వయసెందుకు వస్తుందని మా అత్తగారు అడిగారు. మంచి ప్రశ్న. స్టౌ ట్యూబు వాడినా వాడకపోయినా కొన్నాళ్ళకు బిరుసెక్కి పగుళ్ళు రావడం లేదూ? ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ అంతే కదా? రబ్బరు గుణమే అది. గాలీ, ఎండా, వేడీ తగిలి మెల్లగా బిగుసుకుపోతుంది. ముళ్ళుండీ, గాళ్ళు లోతుగా ఉండీ ప్రయోజనం లేదు. లోపల పట్టు సడలిపోయి ఉంటుంది.

రబ్బరు మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. పచ్చి రబ్బరు ఎండకు జిగురుగా కరిగిపోయేది, చలికి పెళుసెక్కి విరిగిపోయేది, దేనికీ పనికొచ్చేది కాదు. అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన దీన్ని బాగుచేయాలని అప్పులపాలై, జైలుకు కూడా వెళ్ళి, ఏళ్ళ తరబడి తంటాలు పడ్డాడు. 1839లో గంధకం కలిపిన రబ్బరు వేడి పొయ్యికి తగిలితే అది కరిగిపోకుండా తోలులా గట్టిపడిందట. ఆ పొయ్యి మంటలోంచి వచ్చిందే ఈనాటి టైరు రబ్బరు. పాపం ఆయన 1860లో అప్పులతోనే పోయాడు. ఆయన పేరున్న టైర్ల కంపెనీ ఆయన పోయిన చాలా ఏళ్ళకు, 1898లో వేరేవాళ్ళు పెట్టుకున్నది. పొయ్యి దగ్గర పుట్టిన వస్తువు కాబట్టి దాని బాగోగులు మనకు తెలియవని ఎవరూ అనడానికి లేదు.

పందేలవాళ్ళు టైరును ఎలా చూసుకుంటారో చెబితే పసిబిడ్డ గుర్తుకొస్తుంది మీకు. ఫార్ములా వన్‌లో బరిలోకి వెళ్ళే ముందు టైర్లకు కరెంటుతో వేడెక్కే దుప్పట్లు కప్పి ఉంచుతారు. చల్లటి రబ్బరుకు పట్టుండదు, మరీ వేడెక్కితే అరిగిపోతుంది, మధ్యస్థంగా ఉండాలి. పాకం లాంటిదన్నమాట. మెత్తని టైరు గట్టిగా పట్టుకుంటుంది గానీ త్వరగా అరుగుతుంది. గట్టి టైరు ఎక్కువసేపు మన్నుతుంది గానీ వేగం తక్కువ. ఎండలో జరిగే పందెంలో కనీసం రెండు రకాలు వాడి తీరాలని నియమం. ఎప్పుడు దేన్ని మార్చాలన్నదే సగం పందెం. నాలుగు చక్రాలూ మార్చడానికి వాళ్ళకెంత సేపు పడుతుందో తెలుసా? 2023లో ఖతార్ పందెంలో మెక్‌లారెన్ జట్టు 1.8 సెకన్లలో మార్చేసింది. మనం ఆవాలు చిటపటలాడేలోపు అన్నమాట. ఎండ రోజున వాడే టైర్లకు అసలు గాళ్ళే ఉండవు, నున్నగా ఉంటాయి. వాన పడితే మాత్రం గాళ్ళున్నవి వేస్తారు. వేగంగా వెళ్ళేటప్పుడు ఒక్కో వాన టైరు సెకనుకు పదుల లీటర్ల నీళ్ళను చిమ్మేస్తుంది.

దీన్నిబట్టి మన టైరుకు గాళ్ళెందుకో తెలిసిపోయింది కదా. అందం కోసం కాదు, వాననీళ్ళు పక్కకు పోవడానికి. అవి అరిగిపోతే వానలో టైరు రోడ్డును వదిలి నీళ్ళ మీద తేలుతుంది, అప్పుడు స్టీరింగూ పనిచేయదు, బ్రేకూ పనిచేయదు. గాళ్ళ మధ్యలో అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మలుంటాయి, వేలితో తడిమితే తెలుస్తాయి. టైరు అరిగి ఆ దిమ్మలతో సమానమైందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం. ఇక మార్చాల్సిందే. వానాకాలం ముందు ఒకసారి వేలు పెట్టి చూసుకోండి.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. ఎండాకాలంలో వేడికి గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి తక్కువ కొట్టించాలని చాలామంది మగవాళ్ళే అంటారు. మావారూ అనేవారు. ఆ మే నెల మా కారుకు అలాగే తక్కువ కొట్టించాం కూడా. ఇది శుద్ధ తప్పు. గాలి తక్కువైతే టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకూ నలుగుతాయి. చపాతీ పిండి మర్దించినట్టే, నలిగినకొద్దీ వేడి పుడుతుంది. దానికి కింద రోడ్డు వేడి తోడు. పైన బియ్యం బస్తా, మామిడికాయలు, జాడీ. లోపల పదేళ్ళ రబ్బరు. ఇంకేం కావాలి పేలడానికి? ఎంత గాలి కొట్టించాలో డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద అంటించిన కాగితంలో రాసి ఉంటుంది. నలుగురు ఎక్కి సామాను వేసుకుంటే ఎంత ఉండాలో అందులోనే వేరే ఉంటుంది. కారు నడవకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. స్టెప్నీని మర్చిపోవద్దు. కొత్త కార్లలో గాలి తగ్గితే దీపం వెలుగుతుంది. గుర్రపు నాడాలాంటి బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం. అది వెలిగితే “ఏదో లైటు వచ్చిందిలే” అని ఊరుకోకండి.

హైదరాబాదులో ఉన్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ పందెం జరిగింది. బ్యాటరీతో నడిచే కార్లు. కొత్త సచివాలయం, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ మార్గ్, రోజూ మనం ట్రాఫిక్కులో తిట్టుకుంటూ వెళ్ళే రోడ్లే! మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ చుట్టు. ఆ రోజుల్లో రోడ్లు మూసేస్తే జనం పడ్డ అవస్థ కూడా నిజమే, కాదనను. నేనూ మా అబ్బాయీ వెళ్ళాం. జీవితంలో మొదటిసారి పందెం కళ్ళారా చూశాను. చెవులు చిల్లులు పడే శబ్దం ఉంటుందనుకుని దూది పట్టుకెళ్ళాను. తీరా చూస్తే మిక్సీ దూరం నుంచి వినిపించినట్టు సన్నని కూత. దూది వృథా.

ఆ పందెంలో నాకు రెండు విషయాలు నచ్చాయి. ఒకటి, ఆ కార్లకు మన కార్లలాగే గాళ్ళున్న టైర్లు. ఎండకూ వానకూ అవే. దుప్పట్లూ లేవు, మధ్యలో ఆగి మార్చుకోవడాలూ లేవు. రెండోది, వాళ్ళకు ఇచ్చిన కరెంటు లెక్కగా ఇస్తారు, దాంతోనే చివరిదాకా రావాలి. బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటు మళ్ళీ బ్యాటరీలోకి చేరుతుంది. ముందున్న జాన్ ఎరిక్ వెర్న్ దగ్గర చివర్లో కరెంటు తక్కువగా ఉంది. వెనకాల నిక్ కాసిడీ దగ్గర కాస్త ఎక్కువే ఉంది, వీపు మీదికి వచ్చేస్తున్నాడు. అయినా వెర్న్ ఎక్కడ తొక్కాలో ఎక్కడ వదలాలో చూసుకుంటూ, దారి ఇవ్వకుండా అర సెకనులోపు తేడాతో గెలిచాడు. సిలిండరు ఎప్పుడైపోతుందో తెలియని రోజున పదిమంది చుట్టాలకు వంట చేసినవాళ్ళెవరికైనా ఆ అబ్బాయి పడ్డ టెన్షను ఇట్టే అర్థమవుతుంది. మరుసటి ఏడాది మళ్ళీ పెడతామన్నారు గానీ 2024 పందెం రద్దయింది. దాని వెనక గొడవలు పేపర్లలో చదివాం, వాటి జోలికి నేను పోను.

మా అబ్బాయి పందెం చూసి వచ్చిన ఉత్సాహంలో ఔటర్ రింగు రోడ్డు మీద ఒకసారి “చూడమ్మా” అంటూ తొక్కబోయాడు. ఆ వయసు పిల్లలున్న తల్లులకు నేను వాడితో అన్న మాటే చెబుతాను. “వాళ్ళకు ఎదురు నుంచి బండి రాదు, కుక్క అడ్డం రాదు, గోడ పక్కనే అంబులెన్సు ఆగి ఉంటుంది, బాగాలేని టైరుతో ఒక్క గజం కదలరు. అవన్నీ నువ్వు ఏర్పాటు చేస్తే నేను పక్క సీట్లో కూర్చుంటాను.” మొహం ముడుచుకున్నాడు గానీ వేగం తగ్గించాడు. నిజంగా సరదా ఉంటే మద్రాసు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ట్రాకు ఉంది, అక్కడ నేర్చుకోమన్నాను. డబ్బులెవరిస్తారని అడిగాడు. ఆ ప్రశ్నకు కాఫీ కలపడానికి లేచి వెళ్ళిపోయాను.

డబ్బు మాట వచ్చింది కాబట్టి మన పోపుల డబ్బా లెక్క. చిన్న కారు టైరు ఒక్కోటి నాలుగు వేలనుకుంటే నాలుగూ కలిపి 16,000. అయిదేళ్ళకు, అంటే అరవై నెలలకు పంచితే నెలకు 270 లోపే. కారున్న ఇంట్లో పెట్రోలుకు లెక్కలేకుండా పోస్తాం, టైర్లు మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం “ఇంకో సీజను నడుస్తుందిలే” అంటాం. అంత డబ్బు ఒక్కసారి తీయాలంటే ఎవరికైనా మనసొప్పదు. అందుకే నెలనెలా పక్కన పెట్టేస్తున్నాను. ఇన్సూరెన్సు ఉంది కదా అనుకోకండి. మామూలు పాలసీలో కారుకు దెబ్బ తగలకుండా టైరు ఒక్కటే పేలితే పైసా రాదు, కారుతోపాటు పాడైతే టైరు ఖరీదులో సగమే ఇస్తారు. మాకు ఆ రోజు కారుకు గీత పడలేదు, కాబట్టి వచ్చింది సున్నా. జాడీకి ఏ పాలసీ లేదు.

టైర్లు కొనేటప్పుడు షాపువాడు బిగించకముందే నాలుగింటి అంకెలూ చూడండి. పాత సరుకు తగ్గింపు ధరకు ఇస్తానంటాడు. ఆరు నెలల లోపువి అడగండి, సణిగినా తెచ్చిస్తాడు. నేను కిందటిసారి వెళ్ళినప్పుడు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చదువుతుంటే ఆ కొట్టాయన, “మేడమ్ ఏ కంపెనీలో చేస్తారు?” అని మావారిని అడిగాడు. “ఇంట్లోనే” అన్నారాయన.

ఇప్పుడు ప్రతి నెలా పాల లెక్క కట్టే రోజునే టైర్ల లెక్క కూడా చూస్తాను. ఊరికి బయల్దేరేటప్పుడు అత్తగారు కారెక్కకముందు ఆగి, “అంకెలు చూశావుటే?” అని అడుగుతారు. జాడీని మాత్రం మళ్ళీ కారెక్కించలేదు. ప్లాస్టిక్ డబ్బాల్లో తెస్తున్నాం. ఆవకాయకు ఆ రుచి రావడం లేదని ప్రతి ఏడూ నన్ను దెప్పుతూనే ఉన్నారు.